ఏడో నంబరు పొలంలో గుణశ్రేఢి

మా బడిలో తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకాలు ఎన్నేళ్లు చేతులు మారినా వాటిలో పదహారు పేజీలు మాత్రం కొత్తగానే ఉండేవి. ముందు పేజీలు సిరా మరకలతో, చివరి పేజీలు నూనె మరకలతో నలిగిపోయేవి. మధ్యలో ఆ పదహారూ అచ్చు వాసన కూడా పోకుండా తెల్లగా నిలిచేవి. అవి శ్రేఢుల పేజీలు. పాఠ్యప్రణాళిక ప్రకారం ఆ పాఠం అక్టోబరులో చెప్పాలి. అక్టోబరులో మా జిల్లాలో బడి ఉండదు. పత్తి ఉంటుంది.

బడి లేదని పైకి అనకూడదు. కాగితాల మీద ఉంటుంది. సెప్టెంబరు రెండో వారంలో పిల్లల్ని లారీలెక్కించి కర్షి మైదానం అంచున ఉన్న పొలాలకు తీసుకుపోయేవాళ్లం. తిరిగొచ్చేది మంచు పడ్డాకే. వచ్చాక ఉపాధ్యాయులందరం ఒక గదిలో చేరి, టీ తాగుతూ, తరగతి రిజిస్టర్లలో ఆ రెండున్నర నెలల పాఠాలూ తేదీలవారీగా నింపేవాళ్లం. నేను భూగోళం చెప్పేదాన్ని. ఏటా అక్టోబరు పన్నెండున దక్షిణ అమెరికా నదుల గురించి చెప్పని పాఠానికి, గదిలో లేని పిల్లలకు, అయిదుకు నాలుగులూ అయిదులూ వేశాను.  సిగ్గుపడాల్సినప్పుడు పడలేదు, ఇప్పుడు పడి ఎవరిని ఉద్ధరించాలి.

లెక్కల మాస్టారు ఖోలియార్ ఒక్కరే అలా రాసేవారు కాదు. మా గదిలో అందరికంటే పెద్దవాడు కాబట్టి అకా అని, అంటే అన్న అని, పిలిచేవాళ్లం. సన్నటి మనిషి. ఎండాకాలం, చలికాలం ఒకటే కోటు. ఆ కోటు జేబుల్లో ఎప్పుడూ సుద్దముక్కలు. వాళ్లావిడ ఓయ్‌నిసా ఉతికే ముందు జేబులు తిరగేసి దులిపేది, బిందెడు నీళ్లలో వేస్తే నీళ్లే తెల్లబడుతున్నాయని మా దగ్గర గోల పెట్టేది.

ఆయన తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. తల్లి పత్తి చేలలోనే పెంచింది. పదిహేడేళ్లకు సమర్కందులో పై చదువుకి ప్రవేశ పరీక్ష రాయడానికి వెళితే, అయిదు ప్రశ్నల్లో ఒకటి గుణశ్రేఢి మీద వచ్చింది. ఆ మాటే అంతకు ముందు ఆయన వినలేదు. నాలుగు గంటలు ఆ ప్రశ్నని చూస్తూ కూర్చుని, తెల్ల కాగితం ఇచ్చి, రెండు రోజులు ప్రయాణం చేసి ఇంటికొచ్చాడట. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి నెగ్గాడు. కానీ ఆ నాలుగు గంటలు ఆయన్ని వదల్లేదు. అందుకని మాస్టారయ్యాక, బడి లేకపోతే పొలంలోనే చెబుతానని పట్టుపట్టాడు. మధ్యాహ్నం రొట్టె తిన్నాక అరగంట విశ్రాంతి ఉండేది. పత్తి తూచే కాటా పక్కన నేల చదును చేసి, ఎండిన పత్తి కట్టెతో అంకెలు గీసేవాడు. పిల్లలు తెల్లవారు జామున లేచినవాళ్లు. రెండో అంకె గీసేసరికి సగం మంది నిద్రపోయేవాళ్లు.

పదకొండేళ్లు అలా చెప్పాడు. ఒక్కరికీ ఎక్కలేదు. మేం కూడా ఊరుకునేవాళ్లం కాదు. ఆయన పత్తి తీయడంలో మరీ నత్త, రోజుకి ఇరవై కిలోలు దాటేవాడు కాదు. అంకెలు గీయడానికి వాడే కట్టెలు అమ్ముకున్నా ఇంకాస్త గిట్టుబాటయ్యేదని వ్యాయామం మాస్టారు అనేవాడు. ఖోలియార్ అకా నవ్వి, మోకాళ్ల మీద దుమ్ము దులుపుకుని, మళ్లీ సాలులోకి వెళ్లేవాడు.

ఎనభై రెండో సంవత్సరం మా తొమ్మిదో తరగతికి ఏడో నంబరు పొలం అప్పగించారు. ఇరవై హెక్టార్లు. దాని మీద ప్రణాళిక, అంటే తీసి అప్పగించాల్సిన పత్తి, అరవై టన్నులు. ముప్పై మంది పిల్లలు, వాళ్లకు కాపలాగా ఆయనా నేనూ. పడక ఒక పాత ధాన్యపు కొట్టంలో, గడ్డి మీద. అమ్మాయిలు ఒక మూల, అబ్బాయిలు ఒక మూల, మధ్యలో నా మంచం. పొద్దునా సాయంత్రమూ సేమ్యా చారు, రొట్టె, టీ. ఆ తరగతిలో సనోబర్ అనే పిల్ల ఉండేది. పొడుగ్గా, ముక్కుసూటిగా ఉండేది. ఎవరేం చెప్పినా ముందు కాదనేది, తర్వాత ఆలోచించేది. దానితో వేగలేక నేను భూగోళంలో నాలుగుకి మించి వేసేదాన్ని కాదు.

మొదటి తీత, అంటే పొలమంతా ఒకసారి పత్తి ఏరడం, సెప్టెంబరు నెలాఖరుకి ముగిసింది. ఇరవై నాలుగు టన్నులొచ్చింది. రెండో తీతలో పన్నెండు. ఆ రెండంకెలూ కాటా దగ్గర విన్న రోజు ఖోలియార్ అకా ముఖం చూడాలి. ఆ మధ్యాహ్నం నేల మీద రెండంకెలూ గీసి, మూడో చోటు ఖాళీగా వదిలి, ఇక్కడ ఎంతొస్తుందో చెప్పండని పిల్లల్ని అడిగాడు. పన్నెండు తగ్గింది కాబట్టి మళ్లీ పన్నెండు తగ్గి సున్నా వస్తుందని ఒకడన్నాడు. అది కూడికల లెక్క, పొలం అలా తగ్గదు అన్నాడు ఆయన. ప్రతి తీతా ముందుదానిలో ఎన్నో వంతో ఆ వంతు మారదు, సగమంటే ప్రతిసారీ సగమే, అందుకే దీన్ని గుణశ్రేఢి అంటారు అని చెప్పాడు. అయితే ఆరు అంది సనోబర్, ఆవులిస్తూ.

ఆయన ఒక విన్నపం చేశాడు. మా పిల్లలందరూ బరువు పెరగాలని చేసే పని ఒకటుంది, కాటా ఎక్కించే ముందు సంచి మీద కాలవ నీళ్లు చిలకరించడం, మధ్యలో రెండు మట్టిబెడ్డలు దూర్చడం. రోజువారీ లక్ష్యం చేరకపోతే అందరి ముందూ నిలబెట్టి తిడతారు మరి. మూడో తీత అయ్యేదాకా అది మానండి, బెడ్డలు కలిపితే నాకు నిష్పత్తి దొరకదు అని బతిమాలాడు. ఆయన బతిమాలితే పిల్లలకి నవ్వొచ్చింది. కానీ మానేశారు. ఎందుకు మానేశారో ఇప్పటికీ నాకు తెలియదు. అంకె నిజమవుతుందా లేదా చూడాలనిపించిందేమో. దాంతో రోజువారీ పట్టికలో మా తరగతి అడుగున పడింది. పొలం సావిడి గోడ మీద పలక ఉండేది, అడుగునున్న తరగతి పేరు పక్కన తాబేలు బొమ్మ వేసేవాళ్లు. పదమూడు రోజులు తాబేలు మాదే. పక్క తరగతులవాళ్లు మా పిల్లలు సాలులో వస్తుంటే మెడలు లోపలికి లాక్కుని నడిచి చూపించేవాళ్లు.

అక్టోబరు ఆఖరుకి మూడో తీత ముగిసింది. అయిదు టన్నుల తొమ్మిది వందల డెబ్బై కిలోలు.

పిల్లలు కాటా చుట్టూ మూగారు. అంత అలసటలోనూ వాళ్ల ముఖాల్లో ఏదో మెరిసింది. పత్తి పొలం తమ మాస్టారి మాట విన్నదని వాళ్ల సంబరం. నవంబరు రెండున ఆయన అసలు పాఠం మొదలుపెట్టాడు. నాలుగో తీతలో మూడు టన్నులు, అయిదులో ఒకటిన్నర, ఇలా ఎన్నిసార్లయినా తీస్తూ పోతే మొత్తం ఎంతవుతుంది అని. పుస్తకంలో దానికి అక్షరాలతో ఒక సూత్రం ఉంది. అది చెప్పబోతుంటే సనోబర్ ఆయన చేతిలో కట్టె లాక్కుంది.

"ఆగండి మాస్టారూ. రెండో తీత నుంచి చివరిదాకా కలిపితే, అది మొదటి నుంచి కలిపినదాంట్లో సగం కదా. ప్రతిదీ దాని ముందుదాంట్లో సగమే కాబట్టి."

"అయితే?"

"అయితే మిగతా సగం మొదటి తీత ఒక్కటే. అది ఇరవై నాలుగు. మొత్తం నలభై ఎనిమిది. వందసార్లు తీసినా ఈ పొలంలో అంతకు మించి లేదు." తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "ఎప్పుడు చూసినా, ఇప్పుడు ఎంత తీశామో ఇంకా అంతే మిగిలి ఉంటుంది."

ఖోలియార్ అకా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత ఒక్కరు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూశాను. చూడనట్టు ముఖం తిప్పుకున్నాను, ఎందుకంటే నాకు అసూయ కలిగింది. ఇన్నేళ్ల భూగోళంలో నాకలాంటి మధ్యాహ్నం ఒక్కటీ లేదు.

తాష్కెంటులో లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు ఒక వసతి బడి ఉందని, ప్రవేశ పరీక్ష నవంబరు పద్నాలుగున అని ఆయనకి ముందే తెలుసు. ఆ రాత్రే ఉత్తరం రాశాడు. వారం తిరక్కుండా పిలుపు వచ్చింది. సనోబర్ పేరు, పరీక్ష చోటు, గంట అన్నీ ఉన్నాయి. కింద ఒక షరతు ఉంది. బడి పెద్ద, అంటే ప్రధానోపాధ్యాయుడు, ముద్ర వేసిన అనుమతి కాగితం తేవాలి. సనోబర్ ఆ పిలుపుని మడిచి ఒడిలో దాచుకుని, పత్తి తీస్తూ రోజుకి పదిసార్లు తీసి చూసుకునేది. ఆ వారం అది ఎవరినీ కాదనలేదు. తాష్కెంటులో మంచు ముందు పడుతుందా మనకి ముందు పడుతుందా అని నన్నడిగింది. నా జన్మలో ఒక పిల్ల తనంతట తాను అడిగిన భూగోళం ప్రశ్న అదొక్కటే.

మా బడి పెద్ద ముద్రని చొక్కా పై జేబులో పెట్టుకుని తిరిగేవాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ప్రణాళిక పూర్తయిన మరుక్షణం వేస్తానన్నాడు. అది పూర్తి కాకుండా పొలం నుంచి ఒక్కరు కదిలినా జిల్లా నుంచి వచ్చిన ఉమర్‌జాకోవ్ తన తల తీస్తాడన్నాడు. ఉమర్‌జాకోవ్ ఆ ఏడు మా పొలాల మీద పెట్టిన ప్రతినిధి. కేకలు వేసే రకం కాదు. మెల్లగా మాట్లాడి, పేరు పేరునా పలకరించి, పిల్లల తలలు నిమిరేవాడు. అందరం ఆయనకే ఎక్కువ భయపడేవాళ్లం.

ఇక్కడే ఖోలియార్ అకాకి ఆ ఆలోచన వచ్చింది. ప్రణాళిక అరవై. పొలంలో ఉన్నది నలభై ఎనిమిది. ఇది అభిప్రాయం కాదు, రుజువు. రుజువు చూపిస్తే ఎవరైనా ఒప్పుకోవాలి కదా, ఒప్పుకుంటే పిల్లలందర్నీ ఇళ్లకి పంపేయొచ్చు కదా. వద్దని నేను చెప్పాను. ఒక్క పిల్లకి జ్వరమని రాయించి, ముద్ర సంగతి బడి పెద్ద భార్యతో మాట్లాడదాం అన్నాను. అలాంటి పనులు మాకు చేతనయినంత ఇంకేవీ చేతకావు. ఆయన వినలేదు. ఒక పెద్ద అట్ట మీద ఎర్ర సిరాతో తీతలన్నీ వరసగా రాసి, కింద గీత గీసి మొత్తం వేసి, రెండు రోజులు కూర్చుని తయారుచేశాడు. ఆ అట్ట చంకలో పెట్టుకుని నడుస్తుంటే ఆయన వీపు కాస్త నిటారుగా కనబడింది.

నవంబరు పది సాయంత్రం, దీపాలు పెట్టకముందు, సావిడిలో కూర్చున్నాం. ఉమర్‌జాకోవ్, బడి పెద్ద, అన్ని తరగతుల ఉపాధ్యాయులు. ఆ రోజు వంట పని సనోబర్‌ది. కెటిల్ పట్టుకుని గోడవార నిలబడి ఉంది. ఖోలియార్ అకా అట్టని గోడకి మేకు కొట్టి తగిలించి, పది నిమిషాలు చెప్పాడు. అంత చక్కగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాకు కూడా అర్థమైంది.

ఉమర్‌జాకోవ్ లేచి దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, అంకెలన్నీ చదివాడు.

"భలే కట్టారు లెక్క. ఏడో తీతలో ఎంతొస్తదన్నారు?"

"మూడు వందల డెబ్బై అయిదు కిలోలండీ."

"మరి సున్నా ఎప్పుడవుద్ది?"

ఎనిమిదో తీతకి అంటే సరిపోయేది. తొమ్మిది అన్నా సరిపోయేది. ఏ నాయకుడు వెళ్లి సాలులో వంగి చూస్తాడు. నేను బల్ల కింద చేతులు నలుపుకుంటూ ఆయన వైపే చూశాను, అను, ఏదో ఒక అంకె అను అని. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నంతసేపూ నాకు ఆశ ఉంది.

"సున్నా ఎప్పటికీ అవదండీ" అన్నాడు. "గుణశ్రేఢిలో ఏ పదమూ సున్నా కాదు. తగ్గుతూ పోతుందంతే."

ఉమర్‌జాకోవ్ నవ్వలేదు. మా వైపు తిరిగాడు.

"విన్నారుగా. పెద్ద చదువు చదివిన మనిషి రుజువు చేసి మరీ చెబుతున్నాడు, పొలంలో పత్తి ఎప్పటికీ అయిపోదని. అయిపోయింది, ఇళ్లకి పోతామని నిన్న నాతో అన్నదెవరు?"

 మొత్తం మాత్రం నలభై ఎనిమిది దాటదు అని ఖోలియార్ అకా మళ్లీ మొదలుపెట్టాడు.  మొత్తం సంగతి నాకు వదిలెయ్యండి, అది నేను చూసుకుంటాను అన్నాడు ఉమర్‌జాకోవ్, ఎంతో దయగా. కనీసం ఒక్క పిల్లని పంపండి అని అడిగితే, ముప్పై మందిలో ఒకర్ని పంపితే మిగతా ఇరవై తొమ్మిది మందీ మేమెందుకుండాలని అడుగుతారు, ఆ లెక్క మీకు నేను చెప్పాలా అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"భూగోళం ఓపా, మీరేమంటారు? మీరూ ఆ పొలంలోనే ఉన్నారుగా."

ఓపా అంటే అక్క. అంత మర్యాదగా అడిగాడు. నేనేమన్నానో చెబుతాను. "సనోబర్, టీ చల్లారిపోతోంది, పెద్దాయనకి పొయ్యమ్మా" అన్నాను. ఆ పిల్ల వచ్చి పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

కొట్టానికి తిరిగి నడుస్తూ దారంతా ఆయన్ని తిట్టాను. ఒక్క అబద్ధం, ఒక్క అంకె, ఏం పోయేదని. నా భయం మీద నాకున్న కోపమంతా ఆయన మీద పోశాను. ఆయన కాలవ గట్టు మీద ఆగాడు.

"ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది రవ్జా. దాని ముందు సున్నా అవుద్దని ఎట్లా చెప్పను? పదకొండేళ్లకి అర్థమైంది ఒక్కళ్లకి."

"అర్థమై ఏం చేసుకుంటుంది, ఇక్కడ?"

ఆయన గట్టు దిగి కొట్టం వైపు నడిచాడు.

నవంబరు పద్నాలుగు వచ్చింది. రాత్రి మంచు బిగిసింది. విచ్చిన పత్తి అయిపోయి, పిల్లలు విచ్చని కాయలు కోస్తున్నారు. వాటిని ఆరబెట్టి చేత్తో చీల్చి లోపలి పింజ లాగాలి. డిప్పల అంచులు గోళ్ల పక్కన కోస్తాయి. సరిగ్గా తాష్కెంటులో పరీక్ష మొదలయ్యే గంటకి ఖోలియార్ అకా సనోబర్ దగ్గరికి వెళ్లి, తాను సొంతంగా తయారుచేసిన అయిదు లెక్కల కాగితం ఇచ్చాడు. గట్టు మీద కూర్చుని చెయ్యి, కాయల సంగతి నేను చూస్తాను అన్నాడు. ఆ పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. లెక్కలు చదివిందో లేదో తెలియదు. మెల్లగా నాలుగు మడతలు పెట్టి, రబ్బరు బూటు విప్పి, అడుగున పరుచుకుని మళ్లీ తొడుక్కుంది. అందరూ అదే చేసేవాళ్లు, కాగితముంటే పాదం కాస్త తక్కువ తడుస్తుంది. తర్వాత వంగి కాయలు కోయసాగింది.  ఆయన దాని పక్క సాలులోనే సాయంత్రం దాకా కోశాడు. ఆ రోజు ఆయన ఇరవై ఆరు కిలోలు తీశాడు. అంతకు ముందెన్నడూ అంత తీయలేదు.

డిసెంబరు మూడున మంచు కురిసింది, లారీలు వచ్చాయి. ఏడో నంబరు పొలం ఇచ్చింది నలభై ఆరున్నర టన్నులు. సావిడి పలక మీద మాత్రం అరవై అని రాసి ఉంది. మిగతా పదమూడున్నరా ఉమర్‌జాకోవ్ అన్నట్టే ఆయనే చూసుకున్నాడు. మాకు ఎర్ర జెండా ఒకటి బహుమానంగా ఇచ్చారు. దాన్ని బడి దాకా మోయమని సనోబర్‌కే ఇచ్చారు, పొడుగ్గా ఉంటుందని.

బడికొచ్చాక మేమంతా ఎప్పటిలాగే రిజిస్టర్లు నింపుకున్నాం. ఈసారి ఖోలియార్ అకా కూడా రాశాడు. "అక్టోబరు 19. గుణశ్రేఢి, మొదటి పాఠం. స్థలం: ఏడో నంబరు పొలం, కాటా పక్కన. హాజరు ముప్పై. మెలకువగా ఉన్నవారు పదకొండు మంది." "నవంబరు 2. అనంత గుణశ్రేఢి మొత్తం. స్థలం: అదే. అర్థమైనవారు ఒకరు." జనవరిలో తనిఖీ ఉంది. బడి పెద్ద అది చూసి కుర్చీలో కూలబడ్డాడు. పిల్లలు పొలంలో ఉన్నారని కాగితం మీద ఉండటానికి వీల్లేదు. రాసింది మార్చమంటే ఆయన మార్చనన్నాడు. అప్పుడు నన్ను పిలిచి, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి రవ్జా, కొత్త రిజిస్టరు రాసిపెట్టు అన్నాడు.

రాశాను. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, రోజులు మారినట్టు కనబడాలని రెండు రకాల సిరాలు మార్చి మార్చి రాశాను. అక్టోబరు 19, పన్నెండో నంబరు గది, హాజరు ముప్పై. అందరికీ మార్కులు. ఖోలియార్ అకా వచ్చి ఒక్కో పేజీ తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను.

"సనోబర్‌కి ఎంత వేశావు?"

"అయిదు."

"అది సరే" అన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు. పాత రిజిస్టరు ఏమైందని కూడా అడగలేదు. బడి పొయ్యిలో పోయింది. ఆ తర్వాత ఆయనకి లెక్కలు తీసేసి వడ్రంగం తరగతి ఇచ్చారు. లెక్కలు వ్యాయామం మాస్టారికి అప్పగించారు. పదేళ్లు ఆయన పిల్లల చేత పీటలు చేయించాడు. ఆ పీటలు నాలుగు కాళ్ల మీదా సమానంగా నిలబడేవి, అది మాత్రం ఊరంతా చెప్పుకునేవాళ్లు.

మరుసటి శరదృతువులో జిల్లా అంతటా ప్రతి సావిడిలోనూ ఒక అచ్చు కాగితం అంటించారు. ప్రతి పొలమూ ఎనిమిది తీతలకు తక్కువ కాకుండా తీయాలని ఆదేశం. పక్కనే ఉదాహరణగా అంకెలు. ఇరవై నాలుగు, పన్నెండు, ఆరు, మూడు, అలా ఎనిమిదో తీత దాకా. కింద ఎవరి పేరూ లేదు. మా ముఖం ఎరగని ఊళ్లలో కూడా తల్లులు ఆ లెక్క కట్టినవాడి వంశాన్ని శపించారు. నేను ఆయనకి చూపించకూడదనుకున్నాను. ఆయనే చూశాడు. కళ్లజోడు సవరించుకుని పై నుంచి కింద దాకా చదివి, ఏడో తీత దగ్గర కిలోలు తప్పు వేశారు అన్నాడు.  గుణశ్రేఢి మాట ఆయన నోట నేను విన్నది అదే ఆఖరు.

సనోబర్ పద్దెనిమిదేళ్లకి ట్రాక్టర్ నడిపేవాడిని పెళ్లి చేసుకుంది. ఖోలియార్ అకా తొంభై నాలుగు చలికాలంలో ఊపిరితిత్తులు పాడై పోయారు. అప్పటికి దేశం పేరు మారింది, గోడల మీద బొమ్మలు మారాయి, డబ్బు మారింది. అక్టోబరు మారలేదు. పరామర్శకు వెళితే ఓయ్‌నిసా నా చేతిలో ఆయన లెక్కల పుస్తకం పెట్టింది. విప్పితే ముందు పేజీలూ చివరి పేజీలూ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో పదహారు పేజీలు పొలం మట్టితో నల్లబడి, అంచులు చిరిగి, చెమటకి ఉబ్బి ఉన్నాయి. ఎవరికివ్వాలో నాకు తెలుసు. పదకొండేళ్లు ఇవ్వలేదు.

పోయిన అక్టోబరులో ఇచ్చాను. అంటే, ఇద్దామని వెళ్లాను. నేను పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఏడో నంబరు పొలం దారిలో బస్సు దిగి నడిచాను. అదే పొలం, అదే సావిడి, కొత్త కాటా. కాటా దగ్గర సనోబర్. పొలం పెత్తనం ఇప్పుడు దానిదే. సాలుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు. వాళ్లలో దాని కూతురు కూడా ఉంది, తల్లి లాగే పొడుగు. సనోబర్ చేతులు కొంగుకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఆ పదహారు పేజీలూ నిదానంగా తిప్పింది. ఇక్కడే కూర్చుని చెప్పేవారు అంది, కాటా పక్క నేల చూపిస్తూ. తర్వాత మూసి నాకే తిరిగిచ్చింది.

"ఇంట్లో పెడితే పొయ్యిలోకి పోద్ది ఓపా. మీ దగ్గరే ఉంచండి."

నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది. ఆ సాయంత్రం టీ గురించి ఒక్క మాటైనా అంటుందని ఇరవై మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాను. అనలేదు. అప్పుడే దాని కూతురు సంచి మోసుకొచ్చి కాటా మీద పడేసి, నడుం పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఇంకా ఎంతుంది?"

సనోబర్ ముల్లు వైపే చూస్తూ అంది.

"ఇప్పుడు ఎంత తీశారో, ఇంకా అంతే."

"పోయిన తీతలో కూడా ఇదే చెప్పావు."

"వచ్చే తీతలో కూడా ఇదే చెబుతాను."

అదెట్లా అని అడిగింది ఆ పిల్ల. నిజంగానే అడిగింది, మొహం చిట్లించి, ముందు కాదనడానికి సిద్ధపడి. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆ పేజీ నాకు తెలుసు, నేల మీద గీసి చూపించడం కూడా వచ్చు, ఆ ఎనభై రెండులో నేనూ అక్కడే కూర్చుని విన్నాను. నోరు తెరిచాను కూడా. సావిడి మెట్ల మీద జిల్లా నుంచి వచ్చిన మనిషి ఒకడు టీ తాగుతూ మా వైపు చూస్తున్నాడు. నేను పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాను. ఆ పిల్ల కాసేపు నిలబడి, ఖాళీ సంచి భుజాన వేసుకుని మళ్లీ సాలులోకి వెళ్లింది.